ఖర్జూరపు ఆకుల చీపురు

"ఆపు ఆ మెషిన్! రెండు నెలల పిల్ల ఇప్పుడే నిద్రపోయింది."

"ఏడింటిలోపు ఆకులన్నీ ఊదెయ్యకపోతే ఫోర్‌మన్ ఊకోడు పెద్దమ్మా. నా డ్యూటీ నీకేమెరుక?"

"నువ్వు ఊదిన దుమ్మంత మా ఇంట్లకే వస్తుంది, పెట్రోల్ పొగతోని సహా. దీన్ని ఊడ్చుడంటరా? చీపురు లేదా నీకు?"

"కంపెనీల చీపురు మాఫీ, లేనే లేదు. ఇదే ఇచ్చిండ్రు."

దోహాలో మా బిడ్డ ఇంటి ముందు తోటపని చేసే మొయిన్‌తో ఇలా గొడవపడ్డాను. జగిత్యాల మనిషి. తెలుగులో కసిరినా అర్థమవుతుందని నాకు ఇంకా ధైర్యం వచ్చింది.

గోడ పక్కన అతను కొట్టి పడేసిన ఖర్జూరపు మట్టలు కుప్పగా ఉన్నాయి. మా ఊళ్లో ఈతాకుతో చీపుర్లు కట్టుకుంటాం. ఇదీ ఆ జాతి చెట్టే. అంత మంచి ఆకు చెత్తలో పోతుంటే చూస్తూ ఊరుకోలేక, గడపలో కూర్చుని ఆకు చీల్చి చీపురు కట్టాను. తీసుకెళ్లి అతని చేతిలో పెట్టాను.

మొయిన్ పకపకా నవ్వాడు. "మా అమ్మీ గిట్లనే కడ్తది. తొమ్మిదేండ్ల నుంచి గీ మట్టలు కొడ్తున్న, నాకు తట్టనే లేదు!"

"మీ ఫోర్‌మన్‌తో నేను మాట్లాడ్త."

"వద్దు పెద్దమ్మా, నువ్వు మాట్లాడితే నా నౌకరీ పోతది. నేనే అడుగుత."

మర్నాడు పొద్దున మెషిన్ మోత లేదు. మొయిన్ మా వరుస ఇళ్ల ముందు చీపురుతో ఊడుస్తున్నాడు. ఎనిమిది దాటేదాకా మెషిన్ తీయకపోయినా సరేనని ఫోర్‌మన్ ఒప్పుకున్నాడట. పిల్ల ఎనిమిదింటి దాకా నిద్రపోయింది, పిల్ల తల్లి కూడా.