పొగలేని బండి మీద మా ఆవిడ

మా ఆవిడ నా వెనక బండెక్కడం మానేసి అప్పటికి రెండేళ్లు దాటింది. అలిగి కాదు. అలిగితే బతిమాలుకోవచ్చు, ఆ పనిలో నాకు మంచి అనుభవం ఉంది. ఆయాసం వచ్చింది. పొగకీ దుమ్ముకీ దూరంగా ఉండమన్నారు డాక్టరు గారు. నా మోపెడ్ ఏమో పెట్రోలుతో పాటు ఆయిలు కూడా తాగేది, తాగిందంతా నల్లగా వెనక్కి వదిలేది. వెనక కూర్చున్న మనిషి పీల్చేది అదే కదా.

మాది చీరాల. చేనేత చీరలు మూట కట్టుకుని పర్చూరు వైపు పల్లెల్లో అమ్మేవాళ్లం. అమ్మేవాళ్లం అంటే, బండి నేను నడిపేవాణ్ణి, చీరలు తను అమ్మేది. ఎవరికి ఏ రంగు నప్పుతుందో మనిషిని చూడగానే చెప్పేసేది. తను మానేశాక నేనొక్కణ్ణే వెళ్లాను. ఆడవాళ్లు చీర అంచు అలా ముట్టుకుని, "ఆవిడ వచ్చినప్పుడు చూస్తాంలే" అనేవాళ్లు. ఏడో తరగతిలో బడి ఎగ్గొట్టినవాణ్ణే అయినా, ఆ మాటకి అర్థం ఎవరూ చెప్పక్కర్లేకుండానే తెలిసింది.

ఇంటికి రాగానే తను గుమ్మంలోనే అడిగేది, ఎవరింట్లో పెళ్లి కుదిరింది, ఎవరి కోడలు నీళ్లోసుకుంది అని. నాకేం తెలుసు? మగాడికి కబుర్లు ఎవరు చెబుతారు? "సరేలే" అనేసి లోపలికి వెళ్లిపోయేది. ఆయాసం తనదే గానీ, ఆ "సరేలే" వింటే ఊపిరాడనిది నాకు.

కరెంటు స్కూటర్లు అప్పుడప్పుడే వస్తున్నాయి. మోపెడ్ అమ్మేసి ఒకటి తెచ్చాను. రాత్రి మిక్సీ పక్కనున్న ప్లగ్గులో పెడితే తెల్లారేసరికి బండి సిద్ధం. మా సందులో స్నేహితుడొకడు బీడీ కాలుస్తూ దాని చుట్టూ ఓ ప్రదక్షిణ చేశాడు.

"ఒరేయ్, సైలెన్సర్ ఏదిరా? దొంగలెత్తుకుపోయారా?"

"దీనికి పొగ అలవాటు లేదురా. నీకంటే నయం," అన్నాను.

శ్రావణమాసం. కళ్లాల్లో మిరపకాయలు లేవు, గాలిలో ఘాటు లేదు. "ఒక్క ఊరికి రా. ఆయాసం వచ్చిందంటే ఉన్నచోటే వెనక్కి తిప్పేస్తా," అన్నాను. పీల్చే మందు బొడ్లో దోపుకుని, ముక్కుకి చెంగు అడ్డం పెట్టుకుని ఎక్కింది.

రోడ్డుకి రెండు పక్కలా పత్తి మోకాలెత్తు లేచి ఉంది. నాకేమో బండి నడుపుతూ గొణుక్కోవడం అలవాటు. మోపెడ్ మోతలో నా గొణుగుడు నాకే వినపడేది కాదు. "అత్తగారు ఈ బండి చూసిందంటే, దీన్నీ నన్నూ కలిపి పాతసామాన్లవాడికి వేసేస్తుంది," అనుకున్నాను. వీపు మీద ఒక్కటి పడింది.

"మా అమ్మనేమన్నావ్?"

"వినపడిందా?"

"అక్షరం పొల్లుపోకుండా వినపడింది. అయితే ఇన్నేళ్లూ మా వాళ్లని తిట్టుకుంటూనే నడిపావన్నమాట! అద్దంలో పెదాలు కదులుతుంటే పాట పాడుకుంటున్నావనుకుని మురిసిపోయానయ్యా నేను!"

అంత పొడుగు మాట మధ్యలో ఎక్కడా ఆగకుండా అనేసింది. అద్దంలో చూస్తే చెంగు ముక్కు మీంచి ఎప్పుడో జారిపోయింది. ఆయాసం రాలేదే అని పైకి అంటే నా దిష్టే తగులుతుందని భయం.

ఊళ్లోకి వెళ్లి వీధి మొదట్లో ఆపాను. ఒక్కరూ బయటికి రాలేదు. మోపెడ్ అయితే దాని దగ్గుకే గుమ్మాలు నిండేవి. ఇది వచ్చినట్టు మా ఇద్దరికీ తప్ప ఎవరికీ తెలీదు. "చీరలమ్మా!" అని నేనే అరిచాను. ఒక కుక్క లేచి, నన్ను చూసి, మళ్లీ పడుకుంది.

తను నవ్వుతూ దిగింది. "జరుగు, నేను పిలుస్తా."

"వద్దే, గొంతెత్తితే దగ్గొస్తుంది. ఇంటింటికీ వెళ్లి నేను చెప్పొస్తా."

"నువ్వు చెబితే వచ్చేవాళ్లయితే ఈ రెండేళ్లూ వచ్చుండేవాళ్లు."

నిండా గాలి పీల్చుకుంది. "చీరలమ్మా చీరలూ... చీరాల చీరలూ..." ఆ చివరి మాటని వీధి చివరిదాకా సాగదీసింది. నేను తన గొంతుకేసే చూస్తూ నిలబడ్డాను. దగ్గు రాలేదు. తలుపులు తెరుచుకున్నాయి. ఓ ముసలమ్మ ఎదురొచ్చి, "ఏమైపోయావే తల్లీ ఇన్నాళ్లూ, ఇంత చిక్కిపోయావు!" అని గడ్డం పట్టుకుంది. ఇక మూట విప్పే సంగతే లేదు, ముందు కబుర్లు.

ఎండ నడినెత్తికొచ్చాక నా వైపు తిరిగింది.

"ఏవయ్యా, ఎవరింట్లోనైనా బండికి ప్లగ్గు అడుగు. పక్క ఊరు కూడా చూసుకుని పోదాం."

అడిగొచ్చాను. "ప్లగ్గుంది గానీ కరెంటు లేదుట. సాయంత్రానికి గానీ రాదంటున్నారు."

"రాకపోతే పోనీ, నాకేం తొందర లేదు," అని, అరుగు మీద కాళ్లు మడిచి ఇంకాస్త వెనక్కి జరిగి కూర్చుంది.