మామ్మగారు చదివించిన నాలుగో కాగితం

మొన్న బిలాస్‌పూర్ నుంచి తిరిగి వస్తుంటే రైలు తిల్దాలో కాసేపు ఆగింది. కిటికీలోంచి ఉడికిన వడ్ల వాసన గుప్పున వచ్చింది. ఉప్పుడు బియ్యం ఆడే మిల్లులున్న ఊరు అది. తడి, ఆవిరి, కాస్త పులుపు కలిసిన ఆ వాసన అందరికీ పడదు. ఎదుటి సీటులో కూర్చున్నావిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం కిటికీకి ఇంకొంచెం దగ్గరగా జరిగాను. వరలక్ష్మి మామ్మగారి ట్రంకుపెట్టె మూత తీస్తే వచ్చే వాసన అది. ఆవిడ భర్త తిల్దా స్టేషన్‌లో బుకింగ్ క్లర్కుగా చేసిన ఇరవై ఏళ్లూ వాళ్ల కాపురం మిల్లు గోడ పక్కనే. ఆయన పోయాక మామ్మగారు రాయపూర్ వచ్చి, మేముండే బిల్డింగులోనే ఒక వాటా అద్దెకు తీసుకున్నారు. పిల్లలు లేరు. "ఎన్నిసార్లు ఉతికినా పోదమ్మా, నా చీరలు ఇంకా ఉడుకుతూనే ఉన్నాయి" అని నవ్వేవారు. రైలు కదిలేదాకా ఆ వాసన పీలుస్తూ, ఆవిణ్ణి నా దారిలో పెట్టినందుకు భగవంతుడికి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

నేను బడి మొహం చూడలేదు. నాన్న గేట్‌మన్‌. ఆయన పనిచేసిన చిన్న స్టేషన్ల దగ్గర తెలుగు బడి ఉండేది కాదు. గేటు పక్క గదిలోనే పలక మీద అక్షరాలు దిద్దించాడు. అమ్మ స్తోత్రాలు నేర్పింది. హిందీ మాత్రం నేనే అక్కడా ఇక్కడా ఏరుకున్నాను. స్టేషన్ బోర్డులు, సరుకులు చుట్టి ఇచ్చిన పేపరు ముక్కలు, అవే నా వాచకాలు. పెళ్లయి రాయపూర్ వచ్చాక, మా ఆయన సిల్తారా ఫ్యాక్టరీకి వెళ్లిపోతే పగలంతా ఖాళీ. మామ్మగారు ఒకరోజు నన్ను కేకేసి, హిందీ దినపత్రిక చేతిలో పెట్టి, "నా కళ్లు మందగించేయి. నువ్వు చదువు, నేను వింటాను" అన్నారు. ఆవిడ కళ్లకి అప్పుడేమీ కాలేదని నాకు చాలా రోజులకి గానీ తెలియలేదు.

కాగితం చదవడానికి మామ్మగారికి ఒక పద్ధతి ఉండేది. తిల్దా క్వార్టర్లలో అందరి ఉత్తరాలూ ఆవిడే చదివి పెట్టేవారట, అక్కడ అలవాటైంది. మొదటి మాట నుంచి చివరి మాట దాకా నెమ్మదిగా చదవాలి. చదివాక, విన్నవాళ్లు అందులో ఏముందో తమ మాటల్లో తిరిగి చెప్పాలి. అప్పటికి గానీ చదవడం పూర్తయినట్టు కాదు. ఒకసారి పై అంతస్తు పైడమ్మగారు మేనకోడలి ఉత్తరం పట్టుకొచ్చారు. రిటైరైన గూడ్సు గార్డు అప్పలస్వామి తాతగారి భార్య ఆవిడ, శ్రీకాకుళం వైపు మనిషి. మామ్మగారు ఉత్తరమంతా చదివి, "ఇప్పుడు మీరు చెప్పండి" అన్నారు. పైడమ్మగారు బుగ్గన చెయ్యి పెట్టుకున్నారు. "సదివింది నువ్వు, సెప్పాల్సింది నేనా? ఏటి, నాకు పరీచ్చ ఎడతన్నావా?" అని రుసరుసలాడుతూనే మొత్తం ఒప్పజెప్పారు. మధ్యలో తప్పు చెప్పిన ఒక్క ముక్కనీ మామ్మగారు మళ్లీ చదివారు.

ఆ బిల్డింగు మూడంతస్తులది, రైల్వే కాలనీ వెనకాల ఉంది. కట్టించిన సేఠ్‌జీ నోటిమాట మీదే అన్ని వాటాలూ అద్దెకిచ్చాడు. ఆయన పోయాక చిన్నకొడుకు చేతికి వచ్చింది. అందరం ఛోటే భయ్యా అనేవాళ్లం. ఒక్కొక్క వాటాను ఒక్కొక్క ఫ్లాటుగా విడదీసి, వేరువేరు మనుషులకు అమ్మేయాలని అతని ఆలోచన. అతను మంచి మర్యాదస్తుడు. ఒక ఉదయం హిందీలో ఉన్న నాలుగు పేజీల కాగితాల సెట్లు కొన్ని తెచ్చి, బిల్డింగు సొసైటీగా మారుతోందనీ, నీళ్ల కనెక్షనూ కరెంటు మీటర్లూ ఎవరివి వాళ్లకి వస్తాయనీ, దానికి పెద్దవాళ్ల సంతకాలు కావాలనీ చెప్పాడు. "దీదీ, ఆప్ తో పఢీ-లిఖీ హైఁ. బుజుర్గ్ లోగ్ ఆప్ కీ బాత్ మానేంగే" అన్నాడు. మీరు చదువుకున్నవారు, పెద్దవాళ్లు మీ మాట వింటారు అని. నా జన్మలో నన్ను చదువుకున్నదానివి అన్న మొదటి మనిషి అతను. ఆ మాట నాకు ఎంత తియ్యగా తగిలిందో ఇప్పుడు రాయడానికి సిగ్గేస్తోంది. మొదటి పేజీ గబగబా చదివాను. నీళ్లు, మీటర్లు, అతను చెప్పినవే ఉన్నాయి. మిగతా మూడూ అలాంటివే అనుకున్నాను. మామ్మగారు ఆ వారం తిల్దాలో ఎవరిదో గృహప్రవేశానికి వెళ్లారు. నేను మెట్లెక్కి దిగి, నలుగురు పెద్దవాళ్ల ఇళ్లలో సంతకాలూ వేలిముద్రలూ వేయించి మధ్యాహ్నానికల్లా అతనికి ఇచ్చేశాను. మామ్మగారి సెట్టు ఒక్కటే నా దగ్గర మిగిలింది.

మూడోరోజు మామ్మగారు రాగానే ఉత్సాహంగా తీసుకెళ్లాను. "పెన్ను తెచ్చాను మామ్మగారూ, ఇక్కడ పెట్టండి చాలు."

"చదువు" అన్నారు ఆవిడ, చెప్పులు విడుస్తూ.

"నీళ్ల సంగతేనండీ."

"నీళ్లకి నాలుగు పేజీలెందుకమ్మా? పూరా చదువు."

చదివాను. మూడో పేజీ దాటి నాలుగో పేజీ మధ్యకి వచ్చాక ఒక వాక్యం దగ్గర ఆగి, దాన్నే మళ్లీ చదివాను. ఈ సంతకం చేసినవారు ఆరు నెలల్లో తమంతట తాము వాటా ఖాళీ చేస్తారనీ, ఆ తరవాత ఈ ఇంటిమీద ఏ హక్కూ అడగరనీ అక్కడ ఉంది. మామ్మగారు ఎప్పటిలాగే, "ఇప్పుడు నువ్వు చెప్పు, అందులో ఏముంది?" అన్నారు. నేను చెప్పలేక ఏడ్చాను. అప్పలస్వామి తాతగారికి డెబ్బై ఆరు. మెట్లు దిగాలంటేనే రెండు చోట్ల కూర్చుంటారు. ఆ వయసులో వాళ్లకి కొత్తగా ఇల్లెవరిస్తారు? దేవుడి గదిలోకి వెళ్లి కూర్చుంటే మామ్మగారు గుమ్మంలో నిలబడ్డారు. "ఆయనకి తరవాత చెప్పుకోవచ్చు. ముందు చెప్పాల్సినవాళ్లు మేడమీద ఉన్నారు. పద" అన్నారు.

ఆ సాయంత్రం ఎక్కిన మెట్లు నాకు ఒక్కొక్కటీ గుర్తే. మామ్మగారు నా వెనకే వచ్చారు గానీ ఎక్కడా నా బదులు మాట్లాడలేదు. ప్రతి ఇంట్లోనూ ఆ నాలుగు పేజీలూ మొదటి నుంచి తెలుగులో చదివి, మొన్న నేను మొదటి పేజీయే చదివానని చెప్పుకున్నాను. అప్పలస్వామి తాతగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ముప్పై ఏళ్లు గార్డుగా చేసేనమ్మా. సిగ్నల్ సూడకండా ఒక్క బండీ వదల్లేదు. నీ మొగం సూసి వదిలేసేను" అన్నారు. ఆయన నవ్వుతున్నారో నొచ్చుకున్నారో తెలియలేదు. పైడమ్మగారి సంగతి మాత్రం తెలుస్తూనే ఉంది. "సదువుకున్న పిల్ల కదా అని నమ్మి ఏలు ముద్దరేసినాను. మా సామాను నువ్వే మోసి రోడ్డుమీద ఎడతావా, నీ మొగుడు ఎడతాడా?" అని గోడవైపు తిరిగిపోయారు. మామ్మగారు అప్పుడే నోరు విప్పారు. "తిట్టండి వదినా, కానీ ముందు ఆ కాగితంలో ఏముందో చెప్పండి." పైడమ్మగారు గోడకే చెప్పారు, ఒక్క మాట పొల్లు పోకుండా.

మర్నాడు మామ్మగారు తెల్ల కాగితాలు ముందు పెట్టారు. కలెక్టరేటులో అద్దె తగాదాలు వినే అధికారికి అర్జీ రాయాలి. హిందీలో నేనే రాయాలి. "నా పేరు ఎందుకండీ మామ్మగారూ, వాళ్ల పేర్లు చాలు కదా" అన్నాను. "వాళ్లకి చదివి వినిపించింది ఎవరని ఆయన అడుగుతారు కదా? అడక్కముందే రాయి" అన్నారు. ఆ ఒక్క వాక్యం రాయడానికి నాకు పూటంతా పట్టింది. పెద్దలకు నేను మొదటి పేజీ మాత్రమే చదివి, ఇది నీళ్ల కోసమని చెప్పి సంతకాలు చేయించాను, తప్పు నాది అని రాసి, కింద నా పేరు పెట్టాను.

విచారణ రోజున రెండు ఆటోల్లో వెళ్లాం. ఛోటే భయ్యా అందరికీ నమస్కారం పెట్టాడు. పెద్దలు ఇష్టపూర్వకంగానే సంతకాలు చేశారని చెప్పాడు. మామ్మగారు లేచి, తన తిల్దా హిందీలో, "సాబ్, ఒక్కటే మనవి. సంతకం చేసిన రోజున ఈ కాగితంలో ఏముందని అనుకున్నారో ఒక్కొక్కరినీ అడగండి" అన్నారు. అధికారి అడిగారు. నలుగురూ నీళ్లనీ మీటరనీ చెప్పారు. పైడమ్మగారు 'నల్, నల్' అంటూ చేత్తో కుళాయి తిప్పి మరీ చూపించారు. అధికారి నవ్వు ఆపుకుని నావైపు చూశారు. నేను లేచి, అర్జీలో రాసింది నిజమేనన్నాను. మాట వణకలేదు. ఎన్ని స్తోత్రాలు కంఠస్థం చేసినా రాని ధైర్యం ఆ రోజు ఎక్కడిదో! ఆయన ఆ కాగితాలు చెల్లవన్నారు. అమ్మకం ఆపలేననీ, కొనేవాళ్లకీ ఉంటున్నవాళ్లకీ ఇబ్బంది లేకుండా మీలో మీరు ఒప్పందానికి వస్తే రాసి తెమ్మనీ చెప్పారు.

బయట వరండాలో ఛోటే భయ్యా ముఖం ముడుచుకుని నిలబడ్డాడు. మామ్మగారు వెళ్లి అతని భుజం మీద చెయ్యి వేశారు. "బేటా, నువ్వు అమ్ముకో. నీ ఇల్లు నీది. కానీ ఇల్లు చూపించినప్పుడు అందులో ఉన్న మనిషిని కూడా చూపించు. ఆ మనిషి అందులోనే ఉంటారని తెలిసి కొనేవాడికే అమ్ము." "దామ్ తగ్గుతుంది మాఁ జీ" అన్నాడు అతను, ధర తగ్గుతుందని. "తగ్గుతుంది" అని ఒప్పుకున్నారు మామ్మగారు. అంత సూటిగా ఒప్పుకునేసరికి అతను లెక్కలు వేసుకుంటూ వెళ్లిపోయాడు. పది రోజుల తరవాత తనే వచ్చాడు. అరవై అయిదు దాటినవాళ్లు బతికున్నన్నాళ్లూ అదే వాటాలో అదే అద్దెకు ఉంటారని, ఆ మాట ప్రతి అమ్మకం పత్రంలో రాయిస్తానని ఒప్పుకున్నాడు. ఈసారి కాగితాలు తెచ్చి తనే నా చేతికిచ్చి, "దీదీ, చారోఁ పన్నే" అన్నాడు, నాలుగు పేజీలూ చదవమని. ఇద్దరం నవ్వేశాం. అతన్ని ద్వేషించే అవసరం లేకుండా చేసినందుకు కూడా నేను మామ్మగారికి రుణపడ్డాను.

పైడమ్మగారి వాటాను ఒక ఛత్తీస్‌గఢీ స్కూలు మాస్టారు కొన్నారు. మామ్మగారు ఆయన్ని కూర్చోబెట్టి టీ ఇప్పించి, పత్రం నాచేత చదివించి, ఇద్దరిచేతా తిరిగి చెప్పించారు. పైడమ్మగారు వేళ్లు మడుస్తూ హిందీలోనే అందుకున్నారు. "హమ్ దోనోఁ జబ్ తక్ హై, ఘర్ మే హమ్. కిరాయా ఆప్ కా. నల్ టపక్తా, వో భీ ఆప్ కా." మేమిద్దరం ఉన్నన్నాళ్లూ ఇంట్లో మేము, అద్దె మీది, కుళాయి కారితే అది కూడా మీదే. మాస్టారు టీ కప్పు పక్కన పెట్టి పడీ పడీ నవ్వారు. కుళాయి ఆ వారంలోనే బాగుచేయించారు.

మామ్మగారు ఆ తరవాత ఎనిమిదేళ్లు బతికారు. తన వాటాలో, తన మంచం మీద, ఉదయం పూజయ్యాక కాసేపు పడుకుంటానని పడుకుని లేవలేదు. అప్పలస్వామి తాతగారు అంతకు ముందే వెళ్లిపోయారు, ఆయనా అదే ఇంట్లోంచే. ఇప్పుడు ఆ చుట్టుపక్కల ఎవరికి ఏ కాగితం వచ్చినా మా ఇంటికి తెస్తారు. నేను చదువుతాను, వాళ్లు తిరిగి చెబుతారు. కొందరు విసుక్కుంటారు. నాకు విసుగు రాదు. భగవంతుడు నాకిచ్చిన బడి ఇదే అనుకుంటాను.

కిందటి నెల పైడమ్మగారు కబురు పెట్టారు. మాస్టారు ఆ ఫ్లాటు కూతురి పేర మారుస్తున్నారు. పాత షరతు కొత్త పత్రంలోనూ ఉందని ఆవిడ చూసి వేలిముద్ర వేయాలట. ఆవిడకి చూపు దాదాపు లేదు. నేను మంచం పక్కన కూర్చుని కాగితం విప్పేసరికే బొటనవేలు చాచి పెట్టుకున్నారు.

"నువ్వు సదివేసుంటావు కదే. ఎక్కడెయ్యాలో సూపించు, అయిపోద్ది."

"వినాలి పెద్దమ్మా. విని, నాకు తిరిగి చెప్పాలి."

"ఆ వరలచ్చమ్మ పోయిందనుకుంటే నువ్వు తగులుకున్నావేటే! నీ మీద నాకు నమ్మకం ఉందే పిల్లా."

ఆ మాట కోసం నేను ఎన్నేళ్లు ఎదురుచూశానో ఆవిడకి తెలియదు. కళ్లు తుడుచుకుని, ఇంకు డబ్బా ఆవిడ చెయ్యి అందనంత దూరంగా జరిపి, మొదటి పేజీ మొదటి మాట నుంచి చదవడం మొదలుపెట్టాను.