గది బయటి చెప్పులు

మా ఆఫీసులో రిటైరైన వాళ్ల వాట్సాప్ గ్రూపులో నేను పంపిన మాట చూసి కూడా పలకని వాళ్లెవరా అని పొద్దున్నుంచీ ఫోను తీసి తీసి చూస్తుంటే, సిరిసిల్ల నుంచి వచ్చిన మా బిడ్డ "బాపూ, నీకు అందరి మీద అనుమానమే" అని నవ్వింది. నిజమే, ఆ గుణం నాకు ఇవాళ్టిది కాదు, దానివల్ల ఒక మనిషి పొట్ట కొట్టాను.

తెలంగాణ ఉద్యమం నాటి మాట. జగిత్యాలలో మా ఆఫీసుకు కంప్యూటర్లు వచ్చాయి, వాటికొక ఏసీ గది, ఆ గది బయటే చెప్పులు విడవాలన్న మా ఆఫీసు పెద్దసారు కట్టడి. టైపు మిషన్ మీద వేళ్లరిగిన మాబోటి గుమాస్తాలం గడప దగ్గరే ఆగిపోయేవాళ్లం. లోపల కోరుట్ల నుంచి రోజూ బస్సులో వచ్చే ఆపరేటరు, నేను తమ్ముడని పిలిచేవాణ్ణి, ఉర్దూ మాట్లాడే ఇంటివాడు, మెత్తని మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి. చల్లటి గదిలో కూర్చున్నందుకు మాకంటే పెద్దవాడా, కాంట్రాక్టు కొలువు గనుక చిన్నవాడా అన్నది మాకు తేలక, చాయ్ దగ్గర అతన్ని కాస్త ఎడంగానే ఉంచేవాళ్లం.

సమ్మె మొదలైన రోజు జై తెలంగాణ అంటూ అందరం బయటికి ఉరికి ఆఫీసు ముందు టెంటు వేశాం. నాలుగో రోజుకే టెంటులో కూర్చున్నవాళ్ల పేర్లు కంప్యూటర్లో కొట్టి ఎవరో పైకి పంపుతున్నారని తెలిసింది. మరచిపోయిన కళ్లద్దాల కోసం లోపలికి పోయిన నాకు మూసిన ఆ గదిలోంచి టకటకమని చప్పుడు వినిపించింది, గడప బయట పిన్నీసు పెట్టిన అతని రబ్బరు చెప్పులు కనిపించాయి. ఇంకేం కావాలి? తలుపు తోసి చూద్దామన్న బుద్ధి పుట్టలేదు. తిరిగొచ్చి చూస్తే టెంటులో అతను లేడు, నమాజుకు పోయాడని ఎవరో అన్నా నేను వినిపించుకోలేదు. సమ్మె ముగిశాక అతని కాంట్రాక్టు పొడిగించవద్దని అందరం రాసిచ్చాం, మొదటి సంతకం నాదే.

ఏళ్ల తర్వాత కోరుట్లలో జిరాక్సు దుకాణం పెట్టుకుని కనిపించాడు, కుర్చీ వేసి చాయ్ తెప్పించాడు. ఆగలేక ఆ చెప్పుల సంగతి అడిగేశాను.

"సార్, సమ్మె మొదలైన నాడు నా చెయ్యి వట్టి బయటికి గుంజుకచ్చింది మీరే గద. చెప్పులు గాడనే ఉండిపోయినయి. మల్ల లోపలికి పోతే సమ్మె ఇడిసిండంటరని తెచ్చుకోలే."

మరి ఆ రోజు లోపల టకటకలాడించిందెవరు? మా పెద్దసారు బూట్లు ఏనాడూ గడప బయట విడవలేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఆ కట్టడి మాకే గాని ఆయనకు లేదు.

ఇప్పుడు ఏ గడపా లేదు, యంత్రం అందరి జేబుల్లోకీ వచ్చింది, అయినా ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలన్న లెక్క మాత్రం మనలో పోలేదు. మా గ్రూపు పెట్టింది పెద్దసారే, అందులో ఉన్నది పర్మినెంటు వాళ్లే. ఆ తమ్ముణ్ణి కూడా చేర్చుకుందామని పొద్దున నేను రాశాను. అందరూ చూశారు. ఎవరూ పలకలేదు.