రెండో డోసు

మా కింది వాటాలో ఉండే కాంపౌండరు గారు మొన్న మంగళవారం పోయారు. కాలేజీలో క్లాసు ముగించి ఫోన్ చూసుకుంటే వాళ్ళావిడ ఫోన్లే వరసగా ఉన్నాయి.

ఉయ్యూరు వైపు పశువుల ఆసుపత్రుల్లో ఉద్యోగం వెళ్ళదీసి, గవర్నర్‌పేటలో మా కింద దిగారాయన. సందులో ఏ పిల్లి పిల్లల్ని పెట్టినా, కడుపులో పురుగులకి పట్టే నట్టల మందు ఆయనదే. వంటింటి త్రాసు మీద స్టీలు గిన్నె పెట్టి, అందులో కూనను తూచేవారు. "గేదెనైతే కంటితో చెప్తా. దీనికి కన్ను చాలదు" అనేవారు. తల్లినీ వదిలేవారు కాదు. "పాలల్లోంచే పిల్లలకి పురుగులు వస్తాయమ్మా."

మా బూడిదరంగు కూన పొట్ట చూసి, బొద్దుగా అయిందని మురిశాను. ఆయన నవ్వారు.

"బొద్దు కాదమ్మాయ్, లోపల అద్దెకున్నోళ్ళు. ఖాళీ చేయిద్దాం, పట్టు."

మొదటి డోసుకి సేమ్యా పోగుల్లాంటి పురుగులు పడ్డాయి. "ఇవి పెద్దవి. చిన్నవి లోపలే ఉంటాయి. పదిహేనో రోజు మళ్ళీ తూచి పట్టాలి" అని చెప్పి, సీసా, సిరంజీ, త్రాసు నా చేతికిచ్చి, ఎంత బరువుకి ఎంత మందో కాగితం మీద రాసి, కూతురింటికి వెళ్ళారు.

పరీక్ష పేపర్లు దిద్దే హడావిడి. కూన గంతులేస్తోంది. మరిచిపోయానో, అక్కర్లేదనుకున్నానో ఇప్పటికీ తేల్చుకోలేను. ఆయన రాగానే మెట్ల దగ్గరే అడిగారు.

"రెండో డోసు పడిందా అమ్మాయ్?"

"పడిందండీ అంకుల్."

అనేసి, సీసా, త్రాసు తిరిగిచ్చేశాక ఇక మందు అడగలేకపోయాను. నెల తిరక్కుండా కూన చిక్కి చచ్చిపోయింది. మందు పడినా బతికేదో లేదో. ఆయన మాత్రం దాన్ని చేతిలోకి తీసుకుని, "నా త్రాసే తప్పు చూపించుంటుందమ్మా" అన్నారు.

అప్పట్నుంచి ప్రతిసారీ, కూనను తూచే ముందు విప్పని అరకిలో పంచదార ప్యాకెట్టు పెట్టి త్రాసు సరిచూసుకునేవారు. "మీ అంకుల్ త్రాసుకి పరీక్ష పెడుతున్నారు, నా కాఫీలోకి పంచదార లేదు" అని ఆంటీ వేళాకోళం చేసేవారు. నేనూ నవ్వేదాన్ని.

నిన్న ఆంటీ నన్ను పిలిచి చర్చి క్యాలెండర్ చూపించారు. నిన్నటి తేదీ కింద ఆయన పెన్సిల్ రాత: మెట్ల కింద పిల్లలకి రెండో డోసు, తల్లికి కూడా.

"నువ్వే పట్టాలమ్మా" అన్నారు.

త్రాసు దించి, ముందు పంచదార ప్యాకెట్టు పెట్టాను. ముల్లు కాస్త ఊగింది.

"సరిగ్గా ఉందా?" అని ఆంటీ వెనకనుంచి అడుగుతున్నారు.

అరకిలో గీత మీద ముల్లు కదలకుండా నిలబడి ఉంది.