ఏకాంబరం నేసిన బడి పావడ

"నేసేవాడివి గదప్పా, నీ బిడ్డ ఒంటి మింద సరైన గుడ్డ లేదేమి?"

వేసవి సెలవులకు ముందు బడి పంతులు పరంధామయ్య ఏకాంబరాన్ని అడిగిన మాట ఇది. అడిగింది నలుగురిలో. పక్కనే కూతురు తిరుమలమ్మ, చిరిగిన పావడను పిడికిట్లో దాచుకుని నిలబడింది. బడి తెరిచేనాటికి మంచి పావడ లేకపోతే పిల్లను పంపొద్దని కూడా పంతులు చెప్పాడు. ఏకాంబరం తల వంచుకుని ఇంటికొచ్చాడు.

నగరి పక్క పల్లె. రెండో ప్రపంచ యుద్ధం ముగుస్తున్న ఏడు. సర్కారు కట్టిన ధరకు అమ్మే కంట్రోలు అంగట్లో గుడ్డ దిగిన పూటే అయిపోయేది. నేత పవిత్రమైన వృత్తి అని సభల్లో గొంతు పూడుకుపోయేలా చెప్పేవాళ్ళు ఒక చిన్న సంగతి వదిలేస్తారు: మగ్గం మీది నూలు నేతగాడిది కాదు. ఏకాంబరం మగ్గం మీది నూలంతా సావుకారు ఆదిమూలానిది. నూలు ఇచ్చేదీ, చీరలు కొలిచి తీసుకునేదీ, కూలి ఇచ్చేదీ ఆయనే.

అయితే ఒక్కటి నేతగాడికి దక్కుతుంది. మగ్గం మీద నిలువుగా సాగదీసిన పడుగు చివర జానెడు దారం నేయడానికి అందదు. కోసేసిన ఆ పోగులు నేతగాడివే. ఎవరూ రాసుకోని ఒప్పందం ఇది. పేదింటివాళ్ళు ఆ పోగులను ఒకదానికొకటి ముడివేసి అడ్డంగా నేసే పేకగా వాడి, దుప్పటో గోచిగుడ్డో నేసుకుంటారు. జానెడు పోగులతో పావడ కావాలంటే ఏడాది పడుతుంది. బడి తెరవడానికి రెండు నెలలే ఉంది.

ఏకాంబరం చీరకు మూడు వేళ్ళు తగ్గించి నేయడం మొదలుపెట్టాడు. ఒక పడుగుకు నాలుగు చీరలు. నాలుగో చీర దిగేసరికి చివర మిగిలేది జానెడు కాదు, మూరెడు. మూరల లెక్కన కొలిచే సావుకారుకు మూడు వేళ్ళు తెలియలేదు.

ముడులు వేసింది తల్లీ కూతుళ్ళు. భార్య మునిరత్నమ్మ కొన్నాళ్ళు చూసి అడిగింది.

"పోగు ఇంత పొడుగుండాదేమి ఈసారి?"

"ముడెయ్యి మే. పొడుగైతే నీకే గదా పని తక్కువ."

ఆమె మళ్ళీ అడగలేదు. అర్థమైపోయి ఉంటుందని నా అనుమానం. పడుగుకు ఆమె అత్త సిద్ధమ్మ రాట్నం మీద వడికిన ముతక నూలు సాయపడింది. గుడ్డ నేశారు, ఎర్రరంగులో ముంచారు, ఏటా ఒక్కొక్కటి విప్పుకోవచ్చని అంచు దగ్గర మడతలు వేసి కుట్టారు. తిరుమలమ్మ దాన్ని తొడుక్కుని వీధిలో ఆ చివరికీ ఈ చివరికీ తిరిగింది.

బడి తెరిచిన రోజు ఆదిమూలం పిల్లలకు పలకలు పంచాడు. ఏటా పంచుతాడు. అప్పుడు విద్యాదానం మీద పంతులు చేసే ఉపన్యాసం ఆ పలకలన్నిటికన్నా బరువు. తిరుమలమ్మ వంతు వచ్చింది. పలక ఇస్తూ ఆదిమూలం పావడ అంచును అలవాటుగా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి చూశాడు. సావుకారు కాకముందు ఆయన కూడా మగ్గం గుంతలో కాళ్ళు పెట్టినవాడే. ఒక ముడి తగిలింది. దారం వెంట వేలు జరిపాడు. రెండో ముడి జానెడు దూరంలో లేదు. వేలు ఇంకా జరిగింది.

"ఎవరు నేసింది పాపా?"

"మా నాయన. ముడులు నేనే ఏసినా" అంది పిల్ల, అందరికీ వినబడేలా.

"బాగా ఏసినావు" అన్నాడు ఆదిమూలం. తల ఎత్తి గోడ దగ్గరున్న ఏకాంబరం వైపు చూశాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నేతవాళ్ళే. ఎవరికీ విడమరిచి చెప్పక్కర లేకపోయింది.

మర్నాడు పొద్దున్నే ఏకాంబరం సావుకారు వాకిట్లో నిలబడ్డాడు. నూలు ఆపేస్తే ఇంకొక చోట దొరికే కాలం కాదు.

"చీరకెంత?"

"మూడు వేళ్ళు."

"అడిగుంటే ఇచ్చుందును గదరా."

"అడిగేదానికి నోరు రాలేదు సావుకారూ."

"కోసేదానికి చెయ్యి మాత్రం వచ్చింది."

ఆదిమూలం ఇరవై రూపాయలు తప్పు వేశాడు. వారానికో అణా కూలిలో పట్టుకుంటానన్నాడు. నూలు ఆపలేదు. దీన్ని దయ అన్నవాళ్ళున్నారు. చేయి తిరిగిన నేతగాణ్ణి పోగొట్టుకునే అమాయకుడు కాదు ఆదిమూలం, అంతే. అడిగితే ఇచ్చేవాడనీ నేను నమ్మను.

ఏకాంబరాన్ని కుంగదీసింది ఆ ఇరవై కాదు. ఇంటికొచ్చి కూతుర్ని పిలిచాడు.

"ఎవరన్నా అడిగితే పావడ అంగట్లో కొన్నామని చెప్పు."

"ముడులేసింది నేనే గదా నాయనా?"

"చెప్పినట్టు చెప్పు."

పిల్ల కాసేపు ఆయన ముఖంలోకి చూసింది. తర్వాత కళ్ళు దించుకుంది. కూతురు తన ముందు అలా కళ్ళు దించుకోవడం ఏకాంబరం అంతవరకు చూడలేదు.

ఆ వారంలోనే నూలు మూట నెత్తిన పెట్టుకుని బడి ముందు నుంచి పోతుంటే పిల్లల మాటలు వినబడ్డాయి.

"మే, పావడ యాడిది?"

"అంగట్లో కొన్నది."

"అంగట్లో ముడులు గూడా అమ్ముతారా మే?"

"అమ్ముతారు. మా నాయన ఏరి ఏరి తెచ్చినాడు."

తడుముకోకుండా చెప్పింది. అందరూ నవ్వారు. ఏకాంబరం మూటను ముఖం మీదికి లాక్కుని నడిచాడు. ఆనాటి నుంచి సావుకారు ఇంటికి బడి దారిన కాక, చేల గట్ల మీదుగా చుట్టు తిరిగి పోతున్నాడు.

ఇది జరిగి మూడేళ్ళయింది. పండగ వారాల్లో సావుకారు అణా పట్టుకోడు. ఇరవై రూపాయల్లో తొమ్మిది తీరింది, పదకొండు బాకీ ఉంది.