లేని పిల్లాడి పుట్టినరోజు

మా ఇంట్లో చంటిపిల్లాడు లేడని ఆమెకు తెలియదా? ఏళ్ల తరబడి నన్ను వదలని ప్రశ్న ఇది. మొన్న మాచర్ల నుంచి ఆమె కూతురు ఫోన్ చేసి "అక్కా, అమ్మ పోయింది" అన్నప్పుడు, ఇక అడగడానికి మనిషి లేదన్న మాటే ముందు తోచింది. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

పక్కింటి ఆమెను నేను పిన్ని అనేదాన్ని. మోటారు మెకానిక్ గారి భార్య. ఇంట్లోనే బట్టలు కుట్టేది. రెండిళ్ల మధ్య గోడ మీద కత్తెరతో టకటకా కొట్టి, "ఏమే, కూరేంది ఇయ్యాల?" అని అడిగేది. నేను జవాబు చెప్పేలోగానే పచ్చడి గిన్నె ఇవతలికి వచ్చేది.

ఎనభైల్లో మాట. రిజిస్టరు పెళ్లి చేసుకుని, మా ఆయన కాలేజీ ఉద్యోగం కోసం మాచర్ల చేరాం. మా వాళ్లు విజయనగరంలో, ఆయన వాళ్లు చిత్తూరు దగ్గర. కులాలు వేరని రెండు ఇళ్లూ మా ముఖం చూసేది లేదన్నాయి. ఆ వీధిలోనూ పిన్ని తప్ప ఎవరూ మమ్మల్ని పలకరించలేదు. పెళ్లయ్యాక ఆయన మొదటి పుట్టినరోజు చేద్దామంటే, "పిలవడానికి ఎవరున్నారని?" అన్నారు. నవ్వుతూ అనబోయారు గానీ నవ్వు రాలేదు. నన్ను చేసుకుని ఈయన అందరినీ పోగొట్టుకున్నారేమో అన్న దిగులు నాకప్పుడే పట్టుకుంది.

పంతం కొద్దీ పిన్నితో చెప్పాను: "రేపు సాయంత్రం మా ఇంట్లో పుట్టినరోజు పిన్నీ. వీధిలో అందరినీ నువ్వే పిలవాలి."

ఎవరిదని ఆమె అడగలేదు, నేనూ చెప్పలేదు. "పిలుస్తాలే. పులిహోర చానా చెయ్" అంది.

ఆ వీధిలో పుట్టినరోజులంటే చంటిపిల్లలకేనని, పెద్దవాళ్లకు ఎవరూ చెయ్యరని నాకు తెలియదు.

గుండిగ నిండా పులిహోర కలిపి, పాయసం కాచి కూర్చున్నాం. దీపాలు పెట్టే వేళ దాటినా ఎవరూ రాలేదు. ఆయన కొత్త చొక్కా విప్పేయబోతుంటే బయట గోల వినిపించింది. ముందు పిన్ని, వెనక వీధిలోని ఆడవాళ్లంతా. ఒకామె చేతిలో గిలక్కాయ, ఇంకొకామె చేతిలో ఉగ్గుగిన్నె.

"పిల్లోడేడే?" అంది గిలక్కాయ తెచ్చినామె.

"పుట్టినరోజు ఈయనదండీ" అన్నాను.

ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "ఓసినీ! మీసాలొచ్చినోడికి పుట్టినరోజేందమ్మా!" అని ఆమె బుగ్గలు నొక్కుకుంది. ఇక వెనుదిరుగుతారనుకున్నాను.

పిన్ని తొణకలేదు. కొంగు చాటు నుంచి తాను కుట్టిన జరీ టోపీ తీసింది. అరచేతిలో ఇమిడేంత టోపీ. దాన్ని ఆయన నడినెత్తిన పెట్టి, "ఏం, ఈడు మాత్రం ఒక తల్లికి పుట్టలేదా ఏంది? కూర్చోండే అందరూ! అబ్బాయ్, ఆ గిలక్కాయ తీసుకుని ఊపు!" అంది.

ఆయన ఊపారు. ఇల్లు నవ్వులతో దద్దరిల్లింది. ఉగ్గుగిన్నె తెచ్చినామె పాయసం అందులోనే పోసి, "తాగు నాయనా, ఒలకబోసుకోమాక" అంటే బుద్ధిగా తాగారు. ఆయన అంతలా నవ్వడం నేను అప్పుడే చూశాను. గుండిగ అడుగు గీకేదాకా ఎవరూ లేవలేదు. మర్నాటి నుంచి మా ఇంటికి ఎవరో ఒకరు రాని పూట లేదు. కాలేజీలో ఎలా పిలిచినా వీధిలో మాత్రం ఆయన 'గిలక్కాయ సారు'. ఆ పేరుకు ఆయన గర్వంగా పలికేవారు.

తర్వాతొకసారి అడిగాను: "పిల్లలు లేరని తెలుసుగా పిన్నీ, టోపీ ఎందుకు కుట్టావు?"

కుట్టు మీంచి తల ఎత్తకుండానే, "ఇంటికొచ్చినోళ్లని ఎందుకొచ్చారని అడగమాక. కూర్చోబెట్టు, అంతే" అంది.

మా కోసమైతే ఆ వీధి కదలదని తెలిసి, లేని పిల్లాణ్ని చూపి వాళ్లను రప్పించిందా? లేక మా పిల్లాడెవరో పుట్టింట్లో ఉన్నాడని, ఆ రోజుకు తెస్తామని నిజంగానే నమ్మిందా? నేను తేల్చుకోలేదు. ఇప్పటికీ తేల్చుకోలేను. ఆమెను తలుచుకుంటే మాత్రం ఆ సాయంత్రం మా గుమ్మంలో నిలబడి, దారిన పోయేవాళ్లను కూడా చెయ్యి పట్టి లోపలికి లాగుతూ కనిపిస్తుంది. ఎవరి పుట్టినరోజని వాళ్లకు చెబుతోందో నాకు వినపడదు.