లెవెల్ డెబ్బై రెండు, క్వాలిటీ సున్నా

ముందే ఒప్పుకుంటాను. ఆ రోజు స్పానర్ పట్టుకుని నిచ్చెనెక్కిన తెలివితక్కువవాణ్ణి నేనే. డీజిల్ షెడ్డులో పదేళ్ళు ఫిట్టరుగా చేసినవాడికి ప్రతి జబ్బుకీ మందు నట్టు విప్పడమే. సూసన్నమ్మ నన్ను ఆపకపోయి ఉంటే మా వీధి వీధంతా నన్ను ఇవాళ్టికీ తిడుతూ ఉండేది. కాబట్టి ఆవిడ గురించి రాయాల్సింది కూడా నేనే.

సూసన్నమ్మది మా తాల్‌బగీచా పేటే. వాళ్ళ తాత బొబ్బిలి వైపు నుంచి రైలు పనికొచ్చి ఖరగ్‌పూర్‌లోనే పాతుకుపోయాడు. ఈవిడ రైల్వే టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసింది. చెవికి హెడ్‌ఫోను, చేతిలో ప్లగ్గు తీగ. లైనులో గరగర వింటే చాలు, తప్పు బాలేశ్వర్‌కి ఇవతలుందో అవతలుందో చెప్పేసేదట. అక్కడ వాళ్ళకొక పద్ధతి ఉండేది. తప్పు ఏ వైపుందో తేలేదాకా లైన్‌మ్యాన్‌ని బండెక్కించకూడదు. రిటైరైనా ఆ పద్ధతి ఆవిణ్ణి వదల్లేదు. ఇంట్లో ఫ్యాను ఆగిపోతే కోడలు స్విచ్చు టకటకలాడించేది. ఈవిడ కుర్చీ వేసుక్కూర్చుని, "ఆగమ్మా, కరెంటు ఎందాకా వొచ్చి ఆగిపోనాదో సూద్దాం" అనేది. ఈలోపల కోడలికి చెమటతో పాటు కోపమూ కారేది.

తొంభై తొమ్మిదిలో మా వీధి తెలుగువాళ్ళమంతా కలిసి సంఘం గది మీద ఎనిమిదడుగుల డిష్ పెట్టించాం. అప్పటిదాకా కేబుల్‌వాడు బెంగాలీ, హిందీ తప్ప తెలుగు ముక్క వేస్తే ఒట్టు. డిష్‌ని అటూ ఇటూ తిప్పి తెలుగు చానెల్ పట్టుకోవడానికి పదకొండు రోజులు పట్టింది. పదకొండో రోజున తెర మీద తెలుగు అక్షరాలు కనబడగానే ఒకటే ఈలలు! గోల్‌బజార్ నుంచి రసగుల్లాల కుండ వచ్చింది, వచ్చినంత వేగంగానూ ఖాళీ అయింది.

మేమంతా బొమ్మ చూశాం. సూసన్నమ్మ రిసీవరుతో వచ్చిన చిన్న పుస్తకం చూసింది. రిమోట్‌లో ఒక బటన్ నొక్కితే బొమ్మ పోయి నీలం తెర వస్తుందని, దాని మీద రెండు గీతలుంటాయని అందులో ఉంది. పైది లెవెల్, కిందది క్వాలిటీ, పక్కన నంబర్లు. ఇక చూస్కోండి, రోజూ పొద్దున్నే గది తాళం తీయడం, ఆ తెర పెట్టుకోవడం, నోటుబుక్కులో రాసుకోవడం. "ఎండ. లెవెల్ 72, క్వాలిటీ 66." "గట్టి వాన. లెవెల్ 72, క్వాలిటీ 38." "మూతి మీద కాకి. లెవెల్ 72, క్వాలిటీ 51." మూతి అంటే డిష్ ముందు మూడు కడ్డీల మీద నిలబడి ఉండే గిన్నెలాంటిది. పైనుంచి వచ్చేదంతా దాని ప్లాస్టిక్ మూతలోంచే లోపలికి దూరాలి.

"సీరియల్ టైంలో ఈ నంబర్లేటి పిన్నీ?" అని నేను మొత్తుకునేవాణ్ణి.

"నువ్వు బొమ్మ సూడు నాయినా, నేను దాని నాడి సూస్తాను" అనేది.

ఇప్పుడు గణపతిరావు సంగతి చెప్పాలి. వర్క్‌షాపులో పెయింటరు. అతని కూతురు మంగవేణికి పద్నాలుగేళ్ళు. పాడిందంటే పక్క వీధి బెంగాలీ దీదీలు కూడా కిటికీలు తెరిచేవాళ్ళు. టీవీ పాటల పోటీకి పిలుపొస్తే మేనమామతో హైదరాబాద్ వెళ్ళింది, ఇంకా తిరిగి రాలేదు. సెలవు దొరక్క తండ్రి వెళ్ళలేకపోయాడు. ఆ దుఃఖం అతనికి ఇంతా అంతా కాదు. సెప్టెంబరు పద్ధెనిమిది, శనివారం ఉదయం పది గంటలకు ప్రసారం అని ఉత్తరం వచ్చింది. వేసేది ఒక్కసారే. ఆ ఉత్తరాన్ని జేబులో పెట్టుకుని హిజ్లీ దాకా సైకిలు తొక్కి మరీ తెలిసినవాళ్ళకీ తెలియనివాళ్ళకీ చూపించొచ్చాడు.

శనివారానికి ముందురోజు విశ్వకర్మ పూజ. మా ఊళ్ళో ఆ పూజ వస్తోందంటే కదిలేదానికీ కదలనిదానికీ రంగు పడాల్సిందే. గురువారం సాయంత్రం డ్యూటీ దిగి గణపతిరావు డబ్బా, బ్రష్షు పట్టుకుని సంఘం మేడెక్కాడు.

"నా కూతురు ఇందులోంచే కదా దిగుతాది! తుప్పుతో ఉంటే ఏటి బాగుంటాది?" అన్నాడు.

అల్యూమినియం రంగు వేశాడు. డిష్ పెళ్ళికొడుకులా మెరిసిపోయింది. భలే ఉందని అందరికంటే ముందు మెచ్చుకున్నవాణ్ణి కూడా నేనే.

శుక్రవారం పొద్దున టీవీ పెడితే బొమ్మ లేదు. గణపతిరావు ముఖంలో నెత్తురు చుక్క లేదు. రంగు వేస్తూ డిష్‌ని కదిపేశాడని నేను తీర్పు చెప్పేశాను. నట్లు వదులు చేసి మళ్ళీ తిప్పుదామన్నాను. కానీ తిప్పేదెలా? పూజ రోజున పనిముట్టు ముట్టకూడదు. నా స్పానర్లన్నీ బొట్లు పెట్టుకుని, దండలేసుకుని దేవుడి ముందు కూర్చున్నాయి. ఆ ఆచారమే ఆ రోజు మమ్మల్ని కాచింది.

సూసన్నమ్మ ముట్టేది రిమోట్ కాబట్టి ఆవిడకి అడ్డు లేదు. పగలంతా నీలం తెర ముందే కూర్చుంది. లెవెల్ 72, క్వాలిటీ 0. తీగ పీకమంది, పీకాను. లెవెల్ సున్నాకి పడింది. పెట్టమంది, పెట్టాను. మళ్ళీ 72. రాసుకుంది. ఒక్క ముక్క చెప్పదు!

శనివారం తొమ్మిదైంది. గది కిటకిటలాడిపోతోంది. గణపతిరావు భార్య సింహాచలమ్మ కొత్తచీర కట్టుకుని ముందు వరసలో కూర్చుని, బొమ్మలేని టీవీకేసి చూస్తూ కొంగు నలుపుతోంది. ఉన్నది గంట. నాకు ఆగలేదు. స్పానర్ తీసుకుని నిచ్చెనెక్కాను.

"తవిటీ! ఆ నట్టు ముట్టుకున్నావంటే సేతులిరగ్గొడతాను!" కింద నుంచి కేక. మోకాళ్ళ నొప్పులున్న మనిషి కిటికీలోంచి సగం బయటికొచ్చేసింది.

"మరేటి సెయ్యమంటావు పిన్నీ? గంటే ఉంది!"

"విప్పితే పదకొండ్రోజులు. నట్టు మీద రంగు సిట్లిందా, సూసి సెప్పు."

చూశాను. నట్టునీ కడ్డీనీ కలిపి రంగు పొర చెక్కుచెదరకుండా ఉంది.

"సిట్లలేదు."

"అయితే రంగేసినాక డిష్ కదల్లేదు. గణపతీ, ఏసేటప్పుడు కదిపినావా?"

"అమ్మతోడు, కదపలేదమ్మా. సంటిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకున్నాను."

"లెవెల్ నిలబడే ఉంది. అంటే తీగ బాగుంది, మూతికి కరెంటందుతోంది. ఆకాశం బాగుంది. ఇంక తప్పున్నది ఆకాశానికీ మూతికీ మజ్జిన. రంగు ఎక్కడెక్కడేసినావు?"

"ఒక్క సోటు కూడా వొదల్లేదమ్మా!" గణపతిరావు ఆ కంగారులో కూడా ఛాతీ విరిచాడు.

"మూతి మీద మూత?"

"దానికి రెండు పూతలేసినాను."

సూసన్నమ్మ నెత్తి కొట్టుకుంది. "ఓరి నా తండ్రీ! అది అల్యూమినియం పొడిరా. కాకి కూకుంటేనే పదిహేను తగ్గుతాది. నువ్వు ఏకంగా రేకుతో మూతి మూసేసినావు! టర్పెంటైన్ తే!"

అతను తెచ్చిన తీరు ఏం చెప్పను! ఇంటికి పరుగు, తిరిగి పరుగు, ఒక చెప్పు వీధిలోనే ఉండిపోయింది. నన్ను పక్కకి నెట్టి తనే ఎక్కాడు. గుడ్డ తడిపి రుద్దడం మొదలెట్టాడు. కింద ఆవిడ తెర చూసి అరవడం మొదలెట్టింది.

"సున్నా... సున్నా... నాలుగు! గణపతీ, నాలుగొచ్చింది!"

గదిలో కేకలు. అతను గోళ్ళతో గీకాడు, గుడ్డతో తుడిచాడు, మళ్ళీ గీకాడు.

"పదకొండు! ఇరవై ఒకటి! ముప్ఫై దాటితే బొమ్మే! ఇరవై ఆరు... ఒరే, ఎనిమిదికి పడిపోనాదేటి? నీ తలకాయ అడ్డమొచ్చింది, తప్పుకో!"

తప్పుకున్నాడు. పక్కకి వంగి, చెయ్యొక్కటే చాచి రుద్దాడు. పడిపోతాడేమోనని నేను అతని నడుం పట్టుకున్నాను. అప్పుడే పది గంటల సైరన్ కూసింది.

"ముప్ఫై నాలుగు! నలభై ఏడు! యాభై ఎనిమిది!"

తర్వాత ఆవిడ గొంతు వినబడలేదు. కింద అరుపులు, చప్పట్లు, ఏదో సంగీతం. ఏమైందో చూడమని గణపతన్న నన్ను తరిమితే దిగి గదిలోకి పరిగెత్తాను. నీలం తెర లేదు. సూసన్నమ్మే తీసేసింది. దాని స్థానంలో మంగవేణి, పచ్చ పరికిణీలో, మైకు ముందు, పాటకి ముందు పేరు చెబుతోంది. "మాది ఖరగ్‌పూర్" అంది. సింహాచలమ్మ రెండు చేతులతో నోరు మూసుకుంది. నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు, ఆపుకోనూ లేదు.

మేడ మీద అతను ఇంకా రుద్దుతూనే ఉన్నాడు.

"నంబరెంతమ్మా?" అని అరిచాడు.

గదిలో అందరి కళ్ళూ తెర మీదే.

"అమ్మా! నంబరెంత? పడిపోనాదేటి?" అని మళ్ళీ అరిచాడు.

సూసన్నమ్మ కళ్ళు తుడుచుకుని కిటికీలోంచి తల బయటపెట్టింది.

"నంబరు లేదురా గణపతీ! నీ కూతురుంది. దిగిరా!"

రెండేసి మెట్లు దూకి, ఒంటిచెప్పుతో, చేతిలో టర్పెంటైన్ గుడ్డతో అతను గుమ్మంలోకొచ్చేసరికి పిల్ల పాట ఎత్తుకుంది. సూసన్నమ్మ లేచి తన కుర్చీలో అతన్ని కూర్చోబెట్టి, టీవీ సౌండు పూర్తిగా పెంచేసింది.